అనంతమును లెక్కించిన జార్జి కాంటరు

చెట్టున ఐదు పండ్లున్నవి. చేతికి ఐదు వ్రేళ్లున్నవి. పండును కోసి చూపవచ్చును. వ్రేలిని తాకి చూపవచ్చును. కాని ఆ రెంటియందును సమానముగానున్న ఐదు అను సంఖ్యను ఎవరైనను వేరుచేసి చూపగలరా? దానికి రంగు లేదు, రుచి లేదు, బరువు లేదు. పండ్లు రాలిపోయినను అది రాలిపోదు. అట్లయిన అది యెచ్చటనున్నది? పండ్లలోనున్నదా, లెక్కించినవాని మనస్సులోనున్నదా? మానవులు పుట్టకపూర్వము కూడ ఆకాశమునందలి నక్షత్రములకు సంఖ్య యుండెనా? లేక నాగలివలె, బండిచక్రమువలె, సంఖ్య కూడ మానవుడు తన యవసరమునకై కల్పించుకొన్న సాధనమా?

ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకుదేశమున పైథాగొరసు శిష్యులు సమస్త ప్రపంచమునకును సంఖ్యయే మూలమని విశ్వసించిరి. సంఖ్యలు మానవుని బుద్ధియందు పుట్టిన భావములే కాని ప్రకృతిలో లేవని వాదించినవారును గలరు. పెక్కుమందికి ఇది తీరిక వేళల చర్చించుకొను విషయము. కాని పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీలోని యొక గణితవేత్తకు ఇది బ్రతుకుతెరువును, మనశ్శాంతిని తాకిన ప్రశ్న యయ్యెను. ఆయనయే జార్జి కాంటరు.

కాంటరు 1845వ సంవత్సరము మార్చి 3వ తేదీన, నాడు రష్యాదేశమునకు రాజధానిగానుండిన సెయింట్ పీటర్సుబర్గు నగరమున జన్మించెను. ఆయన తండ్రి డెన్మార్కు దేశమున పుట్టి రష్యాలో స్థిరపడిన వర్తకుడు. దైవభక్తియు, కార్యదీక్షయు గలవాడు. తల్లి సంగీత విద్వాంసుల వంశమునకు చెందినది. కాంటరు చిన్నతనముననే వయొలిను చక్కగా వాయింప నేర్చెను. తండ్రికి ఆరోగ్యము చెడగా, అంత చలి లేని ప్రదేశమును కోరి ఆ కుటుంబము 1856లో జర్మనీకి తరలివచ్చెను.

కుమారుడు ఇంజనీరు కావలెనని తండ్రి కోరిక. ఇంజనీరునకు మంచి జీతమును, సంఘమున గౌరవమును కలవు. కాని పాఠశాలలో చదువుచున్న దినములనుండియు కాంటరు మనస్సు గణితముపైననే లగ్నమై యుండెను. తండ్రిమాట జవదాటుట కిష్టము లేదు. గణితమును విడుచుటకు మనసొప్పదు. తుదకు 1862లో ధైర్యము తెచ్చుకొని తన కోరికను తండ్రికి తెలిపెను. తండ్రి యాలోచించి అంగీకరించెను. కాంటరు పొంగిపోయెను. మరుసటి సంవత్సరమే తండ్రి మరణించెను. అప్పటికి జ్యూరిచ్ నగరమున చదువుచున్న కాంటరు అచ్చటినుండి బెర్లిను విశ్వవిద్యాలయమునకు మారెను.

ఆ కాలమున బెర్లినులో వయర్‌స్ట్రాసు, కుమ్మరు, క్రోనెకరు అను మువ్వురు గొప్ప గణితాచార్యులుండిరి. కాంటరు ఆ మువ్వురికిని శిష్యుడయ్యెను. వారిలో క్రోనెకరు 1823లో జన్మించినవాడు. పూర్ణసంఖ్యల శాస్త్రమున ఆయనకు సాటివచ్చువారు అరుదు. కాంటరు తొలి పరిశోధనలు చేయునప్పుడు ఆయన చక్కని సలహాలనిచ్చి ప్రోత్సహించెను. ఆ గురువే పిమ్మట తనకు ప్రబల ప్రతివాది యగునని నాడు కాంటరు ఊహించి యుండడు.

1867లో కాంటరు డాక్టరు పట్టమును పొందెను. 1869లో హాలె అను పట్టణపు విశ్వవిద్యాలయమున బోధకుడుగా చేరెను. ప్రసిద్ధ సంగీతకర్తయగు హాండెలు పుట్టిన యూరది. బెర్లినుతో పోల్చినచో హాలె విశ్వవిద్యాలయము చిన్నది, జీతమును తక్కువ. కొలది సంవత్సరములలో బెర్లినునుండి తనకు పిలుపు వచ్చునని కాంటరు ఆశించెను. ఆ పిలుపు ఎన్నడును రాలేదు. ఆయన ఉద్యోగ జీవితమంతయు హాలెలోనే గడచెను.

హాలెలో ఒక సహోద్యోగి యిచ్చిన కఠినమైన సమస్యను సాధించుచుండగా కాంటరునకు ఒక విచిత్రమైన విషయము తటస్థించెను. ఆ సమస్యలో ఒక సరళరేఖపైనున్న బిందువులను గుంపులు గుంపులుగా పరిశీలింపవలసి వచ్చెను. ఆ గుంపులకు అంతము లేదు. అంతము లేనివానిలో ఒకటి పెద్దది, మరియొకటి చిన్నది అని చెప్పుట సాధ్యమా? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు.

అంతవరకు గణితవేత్తలు అనంతము పేరు వినిన జంకుచుండిరి. లెక్కించుట ఎన్నటికిని ముగియదు అని చెప్పవచ్చును గాని, ముగియని ఆ సంఖ్యలన్నిటిని ఒక్కచో చేర్చి ఒక వస్తువుగా భావింపరాదని అరిస్టాటిలు కాలమునుండి పండితుల నిర్ణయము. గణితసార్వభౌముడని పేరొందిన గౌసు కూడ 1831లో అట్లే హెచ్చరించెను. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథమున, ప్రతి సంఖ్యకును ఒక వర్గమున్నది కావున సంఖ్యలెన్నియో వర్గసంఖ్యలును అన్నియే యగునని గమనించి, అనంతమునకు ఎక్కువ తక్కువలు వర్తింపవని చెప్పి విడిచిపెట్టెను. అందరును వెనుదిరిగిన ఆ చోటనే కాంటరు ముందడుగు వేసెను.

ఆయన యుపాయము పసిపిల్లలకును తెలిసినదే. పెండ్లిపందిటిలో విస్తళ్లు వేసినారనుకొందము. విస్తళ్లెన్నియో లెక్కింపలేదు, అతిథులెందరో లెక్కింపలేదు. అందరును కూర్చుండిరి. ఒక్క విస్తరియు మిగులలేదు. ఒక్క అతిథియు నిలువలేదు. అప్పుడు విస్తళ్లును అతిథులును సమానమని వెంటనే తెలియును. లెక్కింపకయే, ఒకటికొకటి జతపరచుట చేతనే, సమత్వము తెలిసినది. కాంటరు ఈ నియమమును అనంతమైన గుంపులకు వర్తింపజేసెను. అట్టి గుంపునకు మనము నేడు సమితియని పేరిడినాము.

ఇప్పుడు చూడుడు. ఒకటికి రెండును, రెంటికి నాలుగును, మూటికి ఆరును జతపరచినచో, ప్రతి సంఖ్యకును ఒక సరిసంఖ్య దొరకును. ఏదియు మిగులదు. కావున సంఖ్యలన్నియు ఎన్నియో, వానిలో సగమని తోచు సరిసంఖ్యలును అన్నియే! భిన్నముల విషయమేమి? సున్నకును ఒకటికిని నడుమనే భిన్నములు లెక్కకు మిక్కిలిగా కిక్కిరిసియున్నవి. అయినను లవహారముల మొత్తమును బట్టి వానిని వరుసలో నిలుపవచ్చును. మొదట మొత్తము రెండైన భిన్నము, పిమ్మట మూడైనవి, ఆ పిమ్మట నాలుగైనవి, ఇట్లు సాగినచో ఏ భిన్నమైనను ఎప్పుడో యొకప్పుడు వరుసలోనికి వచ్చి తీరును. కావున భిన్నములును సంఖ్యలతో సమానమే.

అట్లయిన అనంతములన్నియు ఒక్కటియేనా? కాంటరు ఈ విషయమును బ్రౌన్‌ష్వైగు నగరమునందలి డెడెకిండు అను మిత్రునకు వ్రాసెను. 1873 డిసెంబరులో సమాధానము దొరికెను. ఒక్కటి కావు! సరళరేఖపైనున్న బిందువులనన్నిటిని తెలుపు సంఖ్యలను, అనగా భిన్నములుగా వ్రాయ వీలులేని రెండు యొక్క వర్గమూలము మున్నగువానిని కూడ చేర్చుకొన్న వాస్తవ సంఖ్యలను, ఏ వరుసలోను నిలుపజాలము.

దీనికి ఆయన 1891లో మరియొక సులభమైన నిరూపణము నిచ్చెను. దాని సారమిది. సున్నకును ఒకటికిని నడుమనున్న దశాంశములనన్నిటిని ఒకదాని క్రింద నొకటిగా ఎవరో వరుసగా వ్రాసిరనుకొందము. మొదటి సంఖ్యలోని మొదటి అంకెను, రెండవ సంఖ్యలోని రెండవ అంకెను, మూడవదానిలోని మూడవ అంకెను, ఇట్లు మూలగా దిగుచు చూడుడు. అచ్చట ఐదున్నచో ఆరు వ్రాయుడు. ఐదు గాక మరేదియున్నను ఐదు వ్రాయుడు. ఇట్లు పుట్టిన క్రొత్త దశాంశము మొదటిదానితో మొదటి అంకెలో భేదించును. రెండవదానితో రెండవ అంకెలో భేదించును. కావున అది ఆ వరుసలో ఎచ్చటను లేదు. అన్నిటిని వ్రాసితిమనుకొన్నది భ్రమ. వాస్తవ సంఖ్యల యనంతము లెక్కించు సంఖ్యల యనంతముకంటె పెద్దది. అంతటితో నాగక, ఏ యనంతమునకైనను దానికంటె పెద్దదియైన యనంతము కలదని కూడ కాంటరు నిరూపించెను. కాలక్రమమున ఆయన ఈ యనంతములకు అలెఫ్ అను హీబ్రూ అక్షరముతో పేర్లిడి, వానికి కూడికలు, హెచ్చవేతలు ఏర్పరచెను.

ఇచ్చటనే మన తొలి ప్రశ్న తిరిగి తలయెత్తినది. ఐదు అను సంఖ్యను గూర్చి సందేహము కలిగిన పండ్లనో వ్రేళ్లనో చూపవచ్చును. అనంతమునకు ఏమి చూపగలము? నదీతీరపు ఇసుకరేణువులు సహితము పరిమితములే. ప్రకృతిలో సాక్ష్యము లేని సంఖ్య నిజముగా సంఖ్యయేనా?

కాదని క్రోనెకరు ఖండితముగా చెప్పెను. ఆయన యభిప్రాయమున పూర్ణసంఖ్యలు మాత్రమే భగవద్దత్తములు. మిగిలినవన్నియు మానవుడు అల్లుకొన్నవే. కావున పూర్ణసంఖ్యలనుండి కొలది మెట్లలో నిర్మించి చూపగలిగినదానినే గణితమున అంగీకరింపవలెను. నిర్మించి చూపకయే ఉన్నదనుట గాలిలో మేడలు కట్టుట. ఇది మూర్ఖపు మాట కాదు. కంటికి కనబడని వస్తువులను గూర్చి మాటలాడు శాస్త్రమునకు గట్టి హద్దులుండవలెనను పట్టుదల దీనియందున్నది. ఈ మార్గమునే అనుసరించిన గణితవేత్తలు నేడును గలరు.

మిత్రుడగు డెడెకిండు త్రోవ వేరు. పూర్ణసంఖ్యలు కూడ మానవుని మనస్సు స్వేచ్ఛగా సృష్టించుకొన్నవేయని ఆయన 1888లో ప్రచురించిన గ్రంథమున ప్రతిపాదించెను.

కాంటరు ఈ యిరువురితోను పూర్తిగా ఏకీభవింపలేదు. ఆయన 1883లో ప్రచురించిన గ్రంథమున సంఖ్యకు రెండు విధములైన ఉనికి కలదని చెప్పెను. స్పష్టమైన నిర్వచనము కలిగి, తక్కిన భావములతో విరోధింపకుండ మన బుద్ధియందు నిలుచుట మొదటిది. బయటి ప్రపంచమునందలి వస్తువులకు అద్దముగానుండుట రెండవది. గణితవేత్త విచారింపవలసినది మొదటిదానిని మాత్రమే. విరోధము లేనంతవరకు అతడు స్వతంత్రుడు. అయినను తన యనంత సంఖ్యలు తాను కల్పించినవని కాంటరు తలపలేదు. అవి ఈశ్వరుని జ్ఞానమున అనాదిగానున్నవనియు, తాను వానిని కనుగొని లోకమునకు నివేదించువాడను మాత్రమే యనియు ఆయన దృఢముగా నమ్మెను. ఆ నమ్మకమే ఆయనకు ఊతయయ్యెను.

క్రొత్త సంఖ్యలకు ఎదురు కలుగుట అపూర్వము కాదు. మనదేశమున బ్రహ్మగుప్తుడు 628లోనే సున్నకును, ఋణసంఖ్యలకును గణిత నియమములు రచించెను. ఐరోపాలో అటుపిమ్మట వేయి సంవత్సరములకు కూడ ఋణసంఖ్యలు వట్టి అసంబద్ధములని తలచిన పండితులుండిరి. లేనిదానికంటె తక్కువయైనది ఎట్లుండునని వారి ప్రశ్న. నేడు అప్పును, ఉష్ణమానమును వానితోనే లెక్కించుచున్నాము.

కాని వాదము గ్రంథములలో ఒక తీరుగను, జీవితమున మరియొక తీరుగను ఉండును. 1877లో కాంటరు మరియొక వింతను కనుగొనెను. ఒక చదరములోని బిందువులన్నియు ఆ చదరపు ఒక్క అంచుపైనున్న బిందువులతో సమానమే యని తేలినది. తాను నిరూపించినదానిని తానే నమ్మలేక, తప్పున్నదేమో చూడుమని ఆయన డెడెకిండునకు వ్రాసెను. తప్పు లేదు. ఆ వ్యాసమును బెర్లినునందలి ప్రసిద్ధ పత్రికకు పంపగా, దాని ప్రచురణము ఆలస్యమయ్యెను. క్రోనెకరే అడ్డుపడుచున్నాడని కాంటరు భావించెను. 1878లో అది అచ్చయినను, అటుపిమ్మట ఆయన ఆ పత్రికకు వ్రాయనేలేదు. క్రోనెకరు తనను యువకుల బుద్ధిని చెడగొట్టువాడని నిందించుచున్నాడన్న మాటలును కాంటరు చెవినబడెను. బెర్లినులో ఉద్యోగమునకు ద్వారములు మూసికొనిపోయెను.

ఆయనకు 1874లో వివాహమయ్యెను. ఆర్గురు సంతానము కలిగిరి. ఇల్లు సంగీతముతోను అతిథులతోను కళకళలాడుచుండెను. కాని 1884లో కాంటరు ఆరోగ్యము హఠాత్తుగా దెబ్బతినెను. తీవ్రమైన మనోవ్యాధి సోకి కొన్ని వారములు మంచము పట్టెను. క్రోనెకరు వైరమే దీనికి కారణమని చాలకాలము చెప్పుకొనిరి. నేటి చరిత్రకారులు అది సహజముగా వచ్చిన వ్యాధియేయనియు, వైరమును, అతిశ్రమయు దానికి తోడయ్యెననియు తలచుచున్నారు. ఆ సమయమున ఆయన రాత్రింబగళ్లు ఒకే ప్రశ్నతో పోరాడుచుండెను. లెక్కించు సంఖ్యల యనంతమునకును, వాస్తవ సంఖ్యల యనంతమునకును నడుమ మరియొక యనంతము కలదా? లేదని ఆయన యూహ. ఒకనాడు నిరూపణము దొరికినదని సంతోషించును. మరునాడు అందు తప్పు కనబడి క్రుంగిపోవును.

కోలుకొనిన పిమ్మట కాంటరు చేసిన మొదటి పనులలో నొకటి క్రోనెకరునకు సంధి కోరుచు జాబు వ్రాయుట. క్రోనెకరు మర్యాదగనే ప్రత్యుత్తర మిచ్చెను. అభిప్రాయభేదము మాత్రము తీరలేదు. మరుసటి సంవత్సరము, తనకు అండగానుండిన స్వీడను గణితవేత్త మిట్టాగ్ లెఫ్లరు కూడ, కాంటరు వ్రాసిన యొక వ్యాసము కాలమునకు నూరేండ్లు ముందున్నదని చెప్పి, దానిని ఉపసంహరించుకొమ్మని సలహా నిచ్చెను. శత్రువు మాటకంటె మిత్రుని ఈ మాట ఆయనను ఎక్కువగా నొప్పించెను.

అయినను కాంటరు మూలను కూర్చుండి విలపింపలేదు. క్రొత్త భావములు ఒక్కరి యధికారమునకు లోబడి అణగిపోరాదని తలచి, జర్మనీలోని గణితవేత్తలందరును కూడి చర్చించుటకు ఒక సంఘము కావలెనని ఎంతయో శ్రమించెను. ఆ సంఘము 1890లో స్థాపింపబడెను. కాంటరే దానికి తొలి యధ్యక్షుడు. 1891లో హాలెలో జరిగిన మొదటి సమావేశమున ఉపన్యసింపుమని ఆయన యెవ్వరిని ఆహ్వానించెనో తెలియునా? క్రోనెకరునే! భార్యావియోగము వలన క్రోనెకరు రాజాలకపోయెను. ఆ సంవత్సరాంతమునకే ఆయనయు గతించెను. మనము పైన చెప్పుకొన్న మూలవాటు నిరూపణమును కాంటరు ఆ సమావేశముననే వినిపించెను.

తరువాతి సంవత్సరములలో కాంటరు సిద్ధాంతమునకు గౌరవము పెరుగసాగెను. 1897లో జ్యూరిచ్ నగరమున జరిగిన మొదటి అంతర్జాతీయ గణిత మహాసభలో ఆయన కృషి ప్రశంసింపబడెను. 1900లో హిల్బర్టు అను మహాగణితవేత్త రాబోవు శతాబ్దమునకు సమస్యలను ప్రకటించుచు, కాంటరును వేధించిన ఆ ప్రశ్ననే మొదటి సమస్యగా నిలిపెను. 1904లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనకు సిల్వెస్టరు పతకమును ప్రసాదించెను.

కీర్తి వచ్చినది గాని సుఖము రాలేదు. 1899లో చిన్నకుమారుడు రుడాల్ఫు బాల్యముననే మృతినొందెను. వ్యాధి మాటిమాటికి తిరుగబెట్టుచుండెను, ఆస్పత్రివాసము తప్పనిదయ్యెను. 1913లో కాంటరు ఉద్యోగమునుండి విరమించెను. 1915లో ఆయన డెబ్బదవ జన్మదినోత్సవమును ఘనముగా జరుపదలచిరి గాని, ప్రపంచయుద్ధము వలన అది సాగలేదు. యుద్ధకాలపు ఆహారపు కొరతలో, హాలెలోని ఆస్పత్రియందే, ఆయన 1918 జనవరి 6వ తేదీన కన్నుమూసెను.

ఆయనను వేధించిన ప్రశ్నకు సమాధానము వచ్చెనా? వచ్చినది, కాని ఎవ్వరును ఎదురుచూడని రూపమున వచ్చినది. గణితవేత్తలు నేడు అంగీకరించు మూలసూత్రములతో కాంటరు ఊహ తప్పని నిరూపింపజాలమని గోడెలు 1940లో ప్రకటించిన గ్రంథమున చూపెను. ఆ సూత్రములతోనే అది ఒప్పనియు నిరూపింపజాలమని కోహెను 1963లో చూపెను. ఇప్పుడు మన మొదటి ప్రశ్నను మరల అడుగుడు. సంఖ్యలు మనకంటె ముందుగనే యున్నవైనచో, నడుమ మరియొక యనంతము ఉండుటయో లేకుండుటయో ఏదో యొకటి నిజమై యుండవలెను. మన సూత్రములే చాలలేదనవలెను. సంఖ్యలు మన కల్పనమే యైనచో, రెంటిలో ఒకదానిని మనమే ఎంచుకొనవచ్చును. గోడెలు మొదటి పక్షమువాడు. కోహెను రెండవ పక్షమువైపు మొగ్గెను. పండితులలో ఆ వాదము నేటికిని ముగియలేదు.

కాంటరు ఈ వాదమును తీర్పలేదు. అది కేవలము వేదాంతచర్చ కాదనియు, గణితము ఎంత దూరము పోవచ్చునను హద్దులను అదియే నిర్ణయించుననియు ఆయన జీవితము చూపినది. ఆయన నమ్మకముతో ఏకీభవింపనివారు కూడ ఆయన నిరూపణములను త్రోసివేయలేకపోయిరి. నేడు బడిపిల్లలు నేర్చు సమితుల పాఠమునకు మూలపురుషుడు ఆయనయే. విస్తరికి ఒక అతిథిని జతపరచు ఆ చిన్న లెక్కతో ఆయన, అంతవరకు ఎవ్వరును కొలువ సాహసింపని అనంతమును కొలిచెను.